ఇల్లు - గది - క్వార్టర్సు

తెలుగున ‘ఇల్లు’ అను మాటకు రెండర్థములు గలవు. గోడలును గప్పును గల నివాసమంతయు ఇల్లే. అందలి యొక్కొక్క భాగమును ఇల్లే. వంటయిల్లు, నట్టిల్లు, పడకటిల్లు, పురిటిల్లు అని మన పెద్దలు వాడిన పలుకులలో ఇల్లనగా గది యని యర్థము. ఒక గృహమున నాలుగు పనులు జరుగుచున్నచో నక్కడ నాలుగిండ్లున్నట్లే వారు భావించిరి. కావున నివాసస్థలమును పనులనుబట్టి భాగించుట పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని గృహాలంకరణ నిపుణులు కొందఱు నేడు చెప్పుచుండగా వినుటకు మాకు వింతగా నున్నది. మన భాషయే వారికి బ్రత్యుత్తరము. అయితే మన పూర్వుల విభాగమును, నేటి విభాగమును ఒక్కటి కావు. ఒకటి పోయి రెండవది వచ్చిన విధమెట్టిది, ఆ మార్పులో నెవరికి స్థలము దొరికినది, ఎవరికి దొరకలేదు అనునదియే విచారింపదగిన విషయము. ఈ విచారణకు రాజప్రాసాదములు పనికిరావు. సికిందరాబాదునకు జేరిన లాలాగూడవంటి పనివారల పేట కావలెను.

లాలాగూడ చరిత్రము రైలు చరిత్రమే. వాడీనుండి సికిందరాబాదునకు రైలుమార్గము 1874లో దెఱవబడెను. 1879లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే యేర్పడెను. 1889 నాటికి మార్గము బెజవాడకు జేరెను. ఇంత పొడవైన మార్గమున దిరుగు బండ్లకు మరమ్మతులు చేయుటకు 1893లో లాలాగూడయందు గొప్ప కార్ఖానా వెలసినది. 1930లో రైల్వే నిజాం ప్రభుత్వము వశమైనది. 1951లో సెంట్రల్ రైల్వేలో జేరినది. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణ మధ్య రైల్వే యేర్పడినప్పుడు దాని సొత్తైనది. యజమానులు మాఱిరి గాని కార్ఖానా మాఱలేదు. కార్ఖానాతోబాటు దానియందు పనిచేయువారికి నివాసములు కావలసివచ్చెను. తెలుగులు, తమిళులు, ఉర్దూ మాటలాడువారు, ఆంగ్లో ఇండియనులు ఒకే కూతకు లేచి, ఒకే ద్వారమున బ్రవేశించి, సాయంకాలము ఒకే కంపెనీ కట్టించిన గోడలనడుమకు దిరిగి పోవలసినవారైరి. మన దేశమున నింటిని గట్టుకొనువాడే దానిలో నుండువాడు. ఆ సామాన్యధర్మ మిక్కడ దప్పినది. ఇంటి పటమును గీసినవాఁడొకడు, అందు గాపురముండువాఁడొకడు.

వచ్చినవారు వెంట నెట్టి గృహస్మృతులు దెచ్చుకొనిరో చెప్పవలెను. తెనుగుదేశపు గృహమన్నతోడనే మన రచయితలు మండువా లోగిలిని వర్ణింప మొదలిడుదురు. కోస్తాలో మండువా యనునదియే తెలంగాణమున భవంతి. నడుమ నాకాశమునకు దెఱచియున్న ముంగిలి, నాలుగువైపుల లోనికి వాలిన పెంకుటికప్పు, వాన కురిసిన నీరంతయు నడిమి గుంటలోబడి జలదారిగుండ వెలుపలికి బోవుట. వీథివైపు అరుగులు, వానివెనుక చావడి. లోపల నట్టిల్లు, దానినంటి ధాన్యపు కొట్టు, వెనుకభాగమున వంటయిల్లు, అవ్వల పెరడు, నుయ్యి, పశువులకొట్టము. వర్ణన బాగుగనే యుండును. కాని కార్ఖానాకు వచ్చినవారిలో బెక్కురు భవంతులనుండి వచ్చినవారు కారు. ఒంటియింటివారు, గుడిసెవారు, మహా యున్న నొక అర్రయు సాయమానును గలవారు. వారి గృహమునకు బటము గీయుట కష్టము. ఏలయన వారి గృహములో సగము కప్పు క్రింద లేదు. వాకిటిలో దంపుడు, చెట్టుక్రింద బిడ్డల యాట, అరుగుమీద మగవారి ముచ్చట, చెఱువుకడ స్నానము, ఆరుబయట నిద్ర. లోపలి యొక్క గది వంటకును, వానకును, పురుటికిని, దాచవలసినదానిని దాచుటకును మాత్రమే.

భవంతియందైనను గుడిసెయందైనను విభాగము ప్రధానముగా గాలమునుబట్టి జరిగెడిది. ఒకే ముంగిట వేకువను చల్ల చిలుకుదురు. మధ్యాహ్నమున వడ్లు చెరుగుదురు. సాయంకాలమున పురాణము విందురు. రాత్రి మంచములు వాల్తురు. చాప చుట్టి మూలబెట్టిన నా గది మఱియొక గది యగును. నులకమంచమును గోడకు నిలువబెట్టిన పడకటిల్లు మాయమగును. మన సామానంతయు నెత్తదగినది, చుట్టదగినది, వ్రేలాడదీయదగినది. పీట, చాప, దండెము, ఉట్టి, గోడలోని గూడు: ఇవి యున్నంతకాలము గది యనునది యొక పనికి దాసి కాదు. ఇంగ్లీషువాని యింట భోజనమునకు బెద్ద బల్లయు, దానిచుట్టును బరువైన కుర్చీలును ఉండును. బల్ల కదలదు గనుక గదియు గదలదు. అది రాత్రింబవళ్ళు భోజనపు గదియే. రెండు నాగరికతల గృహములకును గల భేదము గోడలలోకంటె సామానులో నెక్కువగా నున్నదని మా తలంపు.

కాలవిభాగము గాక మన యిండ్లలో మఱియొక విభాగము గలదు. దానిని మెచ్చుకొనుటకు మాకు మనసొప్పదు. అది మనుష్యుల విభాగము. పరాయివాఁడు అరుగు దాటరాదు. కులమునుబట్టి కొందఱు వాకిలినే దాటరాదు. ముట్టయిన స్త్రీ పంచలో నొకమూల మూడునాళ్ళు కూర్చుండవలెను. బాలింతరాలికి జీకటిగది, విధవకు వంటయింటి వెనుక మూల. మడి గట్టుకొన్నవారు వంటయింట నున్నంతసేపు అది దేవాలయము. అయినను ఆ దేవాలయమునకు గిటికీ లేదు. పచ్చికట్టెల పొగ త్రాగుచు ఊదుగొట్టము నూదునామె కన్నులు చెడిపోవుట యందఱకును దెలిసినదే గాని, దానికై గోడకొక రంధ్రము చేయుట యెవరికి దోచలేదు. ఇంటిలో మిక్కిలి పవిత్రమైన గదియే మిక్కిలి చీకటిగది యగుటకు వాస్తుశాస్త్రము కారణము కాదు. వంటశాల ఆగ్నేయమున నుండవలెనని మాత్రమే యది చెప్పినది. పొగతో నిండియుండవలెనని చెప్పలేదు. ఉన్నతకుటుంబముల ముసల్మానుల గృహములందు మర్దానా, జనానా యని విభాగము స్పష్టముగా నుండెడిది. మన గొప్పయిండ్లలో నా పేర్లు లేకున్నను, చావడి మగవారిది, లోగిలి యాడవారిది యను నియమము దాదాపుగా నట్టిదే.

ఇక దొరల బంగళా సంగతి. బంగళా యను మాటయే బంగాళాదేశపు గుడిసెనుండి పుట్టినది. మన గుడిసెను బట్టుకొనిపోయి, పెంచి, చుట్టును వసారా త్రిప్పి, మనకే దొరతనపు గుర్తుగా మరల నిచ్చినారు. వరండా యను మాట చరిత్రయు నట్టిదే. అదియు మన దేశమునుండియే యింగ్లీషులోనికి బోయినది. బంగళాలో నడుమ హాలు, ఇరుప్రక్కల పడకగదులు, ఒక్కొక్క పడకగదికి నొక్కొక్క స్నానపుగది. ఇంతవఱకు సుఖముగనే యున్నది. కాని వంటశాల బంగళాలో నుండదు. వెనుక దూరముగా వేఱుగా నుండును. దాని కవ్వల పనివారి గదుల వరుస. ఇంగ్లాండున రాబర్ట్ కెర్ అను శిల్పి 1864లో ‘ది జెంటిల్‌మన్స్ హౌస్’ అను గ్రంథమును బ్రకటించి, గృహస్థుల భాగమును బనివారి భాగమును ఒకదాని కంటికిని జెవికిని మఱియొకటి యానకుండ వేఱుచేయవలెనని సిద్ధాంతము చేసెను. అదే బుద్ధి మన యెండలో బంగళారూపమున విప్పుకొన్నది. మనవారి మడికిని దొరవారి మర్యాదకును పైకి సంబంధము గనబడదు. కాని రెండును గీసిన గీత యొక్కచోటనే పడినది.

ఆ గీత యెంత లోతైనదో చూడవలెనన్న బంగళా స్నానపుగదిని జూడవలెను. దానికి రెండు తలుపులు. ఒకటి పడకగదిలోనికి, రెండవది వెలుపలికి. ఈ రెండవ తలుపు ఇంటివారిది కాదు. మలపాత్ర నెత్తుకొనిపోవుటకు వచ్చు మనుష్యునికి మాత్రమే యది తెఱవబడును. అతఁడు వచ్చినట్లు గాని పోయినట్లు గాని యింటివా రెఱుగరు. ఎఱుగరాదనియే యా తలుపు. వరుసగా గట్టిన చిన్న క్వార్టర్సులయందు నిదే యేర్పాటు మఱియొక రూపమున గానవచ్చును. పెరటిగోడ చివర పాకీదొడ్డి, దానివెనుక సన్నని సందు, రెండు వరుసల యిండ్ల వీపు లా సందువైపు. పట్టణపు పటములలో నా సందులకు బేర్లు లేవు. గృహమును బనులనుబట్టి భాగించు విద్యలో నిది పరాకాష్ఠ: ఒక పనికి గది యేర్పరచుట మాత్రమే కాదు, ఆ పని చేయు మనుష్యుని గంటబడకుండ జేయుట. దీనిని రైల్వేకంపెనీ కనిపెట్టలేదు. మన యగ్రహారములలోను వెనుకసందు గలదు. కాని కంపెనీ దానిని సున్నముతోను నిటుకతోను శాశ్వతముచేసినది.

రైల్వే క్వార్టర్సుల సామాన్యరూపము చదువరులలో బలువు రెఱిగినదే. ముందొక చిన్న వసారా, ఒకటియో రెండో గదులు, వంటకొక చిన్నగది, వెనుక గోడచుట్టిన పెరడు. హోదానుబట్టి టైపులు. టైపు పెరిగినకొలది గదులు పెరుగును, కప్పు లేచును, ఆవరణము విశాలమగును; తుదకు బంగళా. ఇల్లు చూచి జీతము చెప్పవచ్చును. మన పల్లెలో వాడలు కులమునుబట్టి యేర్పడియుండగా, ఇక్కడ వరుసలు జీతమునుబట్టి యేర్పడెను. దీనిని సంపూర్ణముగా మంచి యనలేము. అయినను నొక్కమాట చెప్పక తప్పదు. పల్లెలో నెన్నడును బ్రక్కప్రక్క నుండనివారు ఇక్కడ నొకే గోడకు జెఱియొకవైపున నుండవలసివచ్చినది. ఆ గోడ మందమెంత? ఇటుక మందము. ఒకరియింట దాలింపు వేసిన రెండవవారి కాఘ్రాణము; ఒకరి బిడ్డ యేడ్చిన రెండవవారికి నిద్రాభంగము. క్వార్టర్సును కేటాయించు గుమాస్తా కులమును జూచినను జూడకున్నను, ఖాళీయైన యింటి సంఖ్యను జూడక తీరదు.

ఈ రెండు గదులలో మన తెలుగు కుటుంబము సర్దుకొన్న విధము మాకు మిక్కిలి యాశ్చర్యకరముగా దోచును. పటము గీసిన యింజనీరు ముందుది కూర్చుండు గది, లోపలిది పడకగది, వెనుకది వంటగది యని యెంచియుండును. కాపురమున కాలేమియు నాగవు. తల్లి, తండ్రి, అవ్వ, నలుగురు పిల్లలు, ఊరినుండి చదువునకు వచ్చిన మేనల్లుడు: వీరందఱకు ముందుగది పగలు చావడి, రాత్రి పడకటిల్లు. వసారాకు వెదురుతడకయో గోనెపట్టాయో కట్టగా నదియొక గది. అందు మేనల్లుని పుస్తకములు, మంచము. దేవుడు వంటగది గూటిలోనికి బోయెను. పెరటిలో తులసికోటయు, రోలును, నీళ్ళగాబును. స్నానమునకు రెండుతడకల మఱుగు. వేసవిరాత్రులు మగవారి మంచములు వీథిలోనికి వచ్చును. ఇట్లు ఇంజనీరు స్థలమునుబట్టి భాగించిన యింటిని మన స్త్రీలు మరల గాలమునుబట్టి భాగించిరి. గోడను గదల్పలేనివారు గడియారమును గదల్చిరనవచ్చును. కార్ఖానా కూత వారికి దోడ్పడినది: తెల్లవారి కూత కాగానే మగవారు వెడలిపోవుదురు; ముందుగది సాయంకాలమువఱకు నాడవారిదగును. పల్లెలోని చావడి వారికెన్నడును దక్కలేదు. ఇక్కడ దినమున కెనిమిదిగంటలు దక్కినది. బియ్యమేరుటయు, కుట్టుపనియు, ప్రక్కింటివారితో ముచ్చటయు, కొందఱకు జదువుటయు నా గదిలోనే జరిగెను. మన సంస్కర్తలు కోరిన స్త్రీస్వాతంత్ర్యమున నిదియెంత భాగమో మేము కొలువజాలము. కొంత భాగమనుట నిశ్చయము.

ముట్టు విషయమునను క్వార్టర్సు చేసినపని గమనింపదగినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదలు పలువురు స్త్రీల యిక్కట్లనుగూర్చి వ్రాసిరి, ఉపన్యసించిరి. వారి శ్రమ వృథాకాలేదు. కాని రెండుగదుల యింట మూడునాళ్ళు వేఱుగా గూర్చుండుటకు మూల యెక్కడిది? వంటకు రెండవ స్త్రీ యెక్కడిది? పల్లెలో నత్తయు దోడికోడలును నుండిరి. ఇక్కడ గార్ఖానాకు బోవువానికి వేళకు గారియర్ కట్టవలెను. చోటులేమియు జేతులలేమియు గలిసి, ఉపన్యాసములు గదల్పలేని యాచారమును బెక్కిండ్లలో వదులుచేసినవి. అంతటితో బోయినదనుకొనుట పొరపాటు. మూల పోయినను చాప మిగిలెను. చాప పోయినను వేఱుకంచము మిగిలెను. నేటికిని గొన్నియిండ్లలో దేవునిగూటిముందు తెర వాల్చుదురు. ఆచారమునకు గోడ లేకపోయినను గీత చాలును.

హైదరాబాదు నగరమున నీ విషయమై ప్రభుత్వమువారి దృష్టి మఱలుటకు రెండుపద్రవములు కారణములు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది జనులను బొట్టబెట్టుకొన్నది. కొలదికాలమునకే ప్లేగు వచ్చినది. 1912లో నగరాభివృద్ధి సంఘము స్థాపింపబడెను. ఇఱుకువాడలు తీసి, వెడల్పుబాటలు వేసి, సామాన్యులకు గాలివెలుతురుగల యిండ్లు గట్టించుట దాని పని. 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు నిండగా గొళాయి నీరు వీథులకు వచ్చినది. గొళాయి యింటిలోనికి వచ్చుటతో గృహవిభాగమే మాఱిపోవును. నీరెక్కడనో స్నాన మక్కడ, స్నానమెక్కడనో తూము అక్కడ. పెరటిచివరనుండి స్నానపుగది మెల్లమెల్లగా నింటిలోనికి నడచివచ్చెను. దానివెంట మరుగుదొడ్డియు వచ్చెను. పడకగది ప్రక్కనే మరుగుదొడ్డి యుండుట చూచి మన ముసలివారు ముక్కుమూసికొనిరి. కాని తూమును నీటితొట్టియు వచ్చినపిదప వెనుకసందు మనుష్యునికి బని తగ్గినది. శుచి యను పేర దూరమునుంచినదానిని లోనికి రానిచ్చుటయే యొక మనుష్యుని విముక్తికి దారియైనది. అదియైనను దడవుగా జరిగెను. చేతులతో మలము నెత్తించుటను నిషేధించు శాసనము దేశమున 1993లో గాని రాలేదు. అది చాలక 2013లో మఱియొకటి చేయవలసివచ్చినది.

ఇక్కడ నొక విశేషము చెప్పవలెను. లాలాగూడ పనివారు దినమంతయు మరమ్మతు చేయునది యేమి? రైలుపెట్టె. పనులనుబట్టి స్థలమును భాగించుటలో రైలుపెట్టెకు మించిన పాఠశాల లేదు. పగలు కూర్చుండు బల్లయే రాత్రి పడక, తలపై సామానునకు బలక, నడుచుటకు సన్నని త్రోవ, చివర నీళ్ళగది. అంగుళము వృథాకాదు. 1926లో జర్మనీదేశమున ఫ్రాంక్‌ఫర్టు పురపాలకులు కార్మికులకై వేలకొలది యిండ్లు గట్టించునప్పుడు, మార్గరెతె షుట్టె-లిహోట్స్కీ యను స్త్రీశిల్పి వారికొక వంటగదిని గల్పించెను. దానికామె మాదిరిగా గైకొన్నవానిలో రైలు భోజనపుపెట్టెలోని వంటశాల యొకటి. ఆఱున్నర చదరపు మీటర్లలో నిలుచున్నచోటినుండి చేయిచాచిన నందునట్లు పొయ్యి, తొట్టి, అలమర, డబ్బాలు అమర్చి, గృహిణి వేయు నడుగులు లెక్కించి తగ్గించినది. అట్టి వంటగదులు పదివేల వఱకు గట్టబడెను. నేడు మన యంతస్తుల యిండ్లలో ‘మాడ్యులర్’ అని పిలుచుచున్నదానికి మూల మదియే. ఆమెనుగూర్చిన యాక్షేపణయు గలదు: ఆ గది యొక్కరికే చాలును, కావున పని తగ్గలేదు, పనిచేయు నామెకు దోడు తగ్గినది. రైలుపెట్టెను మరమ్మతుచేసి యింటికి వచ్చు మగవానికి, తన భార్య వండు గది యా పెట్టెయంతైనను నాలోచించి కట్టబడలేదని తోచియుండునా? తోచినను నప్పటికి జేయగలిగినది లేదు. క్వార్టర్సున మేకు గొట్టుటకైన ననుమతి కావలెను.

మన వంటయింటి నిజమైన మార్పు గ్యాసుపొయ్యితో వచ్చినది. నేలపొయ్యి గట్టుమీదికెక్కెను, దానితో గూర్చుండి వండిన స్త్రీ లేచి నిలుచున్నది. పొగ పోయినది, గిటికీ వచ్చినది, మసి పోవుటచే వంటగది నితరులకు జూపుటకు సిగ్గు లేకపోయెను. చూపదగినది కాగానే గోడ యవసరము తగ్గినది. నేడు తార్నాక, మెట్టుగూడ ప్రాంతములలో లేచుచున్న యంతస్తుల యిండ్లలో వంటగదికిని హాలునకును నడుమ గోడ తీసివేసి, నడుమెత్తు గట్టు గాని పుస్తకముల అలమర గాని యుంచి, ఇటు భోజనము, అటు కూర్చుండు తావు, ఆ మూల చదువుబల్ల అని నేలమీది తివాచీతోను దీపముతోను భాగించుచున్నారు. నిపుణులు దీనికి వేలు తీసికొందురు. తడకతోను గోనెపట్టాతోను క్వార్టర్సులయందు మన తల్లులు చేసినపని యిదియే గదా యని మే మనుకొనుచుందుము.

అయితే కొత్త యిండ్ల పటములను జూచునపుడు వంటగది వెనుక నొక చిన్నచోటు గానవచ్చును. అంట్లు తోముటకు, గుడ్డలుతుకుటకు నని దానికి బేరు. పనిమనిషి యందుండును. పలు యిండ్లలో నామె కొఱకు వేఱు తలుపును, కొన్ని భవనములలో వేఱు లిఫ్టును నేర్పాటు చేయుచున్నారు. ఆమె కూర్చుండుటకు బీట గాని, వాడుకొనుటకు మరుగుదొడ్డి గాని పటములో నెక్కడ నున్నదని గృహము గొనువారు శిల్పి నడుగుట మేము వినియుండలేదు. అడుగవలసిన ప్రశ్న యదియొకటి. రెండవది, వండునామె యింటిలో గిటికీప్రక్క తనకై యొక కుర్చీ వేసికొన్న దెక్కడ నని. బంగళాల వెలుపలి తలుపు లిటుకలతో మూయబడుచున్న దినములలో, క్రొత్త తలుపు లెవరికొఱకు పెట్టుచున్నారో చూచి కట్టించుకొనుట గృహస్థుల పని.